ఆబోతు, దున్నలలో అంగం కుళ్లిపోవడం: రక్తం ఆగినప్పుడు చేయవలసిన చికిత్స

మన పాల సంఘాలలో ఎప్పుడు కూర్చున్నా గేదె గురించి, ఆవు గురించి, వెన్న శాతం గురించి మాట్లాడుకుంటాం. ఆబోతు గురించి, దున్నపోతు గురించి మాట్లాడుకునేది తక్కువ. కృత్రిమ గర్భోత్పత్తి మన ఊళ్లకు వచ్చి చాలా కాలమైంది. అయినా గేదెల విషయంలో ఊరి దున్న మీదే ఆధారపడిన పల్లెలు ఇంకా ఉన్నాయి. గేదె రాత్రిపూట ఎదకు వస్తుంది, మూగ ఎద చూపుతుంది, సూది వేసే మనిషి వచ్చేసరికి పొద్దెక్కుతుంది. అటువంటి చోట ఊరికి ఉన్న ఒక్క మంచి దున్న పనికి రాకుండా పోతే, ఆ నష్టం ఒక్క యజమానిది కాదు. ఎద తప్పిన ప్రతి గేదెకూ మళ్లీ 21 రోజులు ఆగాలి. చూడి కాలం 310 రోజులు. కనుక ఈ ఏడు తప్పిన కట్టు వచ్చే ఏడు పాల కేంద్రంలో లెక్కకు వస్తుంది.

దున్న పనికి రాకుండా పోయే కారణాలలో ఒకదానిని గురించి ఎవరూ బయటికి చెప్పరు. అంగం బయటికి వచ్చి లోపలికి పోకుండా చిక్కుకుపోవడం, వాచి, నల్లబడి, చివరకు కుళ్లిపోవడం అది. మన ఇళ్లలో పశువును కనిపెట్టుకుని ఉండేది ఎక్కువగా ఆడవారే. ముందుగా చూసేదీ వారే. కాని ఆ మాట మగ డాక్టరుకు, సంఘం కార్యదర్శికి ఎలా చెప్పాలని సందేహిస్తారు. సాయంత్రం ఇంటాయన వచ్చాక చెబుదామనుకుంటారు. ఆయన పొద్దున చూద్దామంటాడు. ఈ జబ్బులో ఆ ఒక్క రాత్రి చాలా విలువైనది. చెప్పడానికి ఇబ్బందిగా ఉంటే “దున్నకు మూత్రం పోసే చోట వాచింది, వెంటనే రండి” అంటే చాలు. డాక్టరుకు అర్థమవుతుంది.

ముందు ఆ అవయవం ఎలా ఉంటుందో తెలుసుకుందాం. పెద్ద ఆబోతు అంగం సుమారు 90 సెంటీమీటర్ల నుండి ఒక మీటరు వరకు పొడవుంటుంది. ఇది గుర్రానికి ఉన్నట్లు మెత్తని కండ కాదు. గట్టి నార వంటి పదార్థంతో తయారైనది. మామూలు వేళ విత్తుల సంచి దగ్గర పాము మెలిక వలె వంకర తిరిగి లోపలే ఉంటుంది. ఎద పశువును దాటే సమయంలో ఆ మెలిక సాగి అంగం బయటికి వస్తుంది. పని కొన్ని క్షణాలలో ముగుస్తుంది. వెంటనే వెనకనున్న ఒక జత కండరాలు దానిని తాడు లాగినట్లు లోపలికి లాగివేస్తాయి. బయట మనకు కనిపించేది పొట్ట కింద ఉన్న చర్మపు తొడుగు మాత్రమే. ఆ తొడుగు లోపలి పొర చాలా పలుచన, ఎప్పుడూ తడిగా ఉంటుంది. ఎండకు, గాలికి, ఈగకు అది తట్టుకోలేదు.

ఇప్పుడు రక్తం సంగతి. ఏ అవయవానికైనా రక్తం తెచ్చే నాళాలు ధమనులు, తీసుకుపోయే నాళాలు సిరలు. ధమని గోడ మందం, లోపలి ఒత్తిడి ఎక్కువ. సిర గోడ పలుచన, ఒత్తిడి తక్కువ. కనుక బయటినుండి ఏదైనా బిగిస్తే ముందుగా మూసుకుపోయేది సిర. పంట కాలువకు నీరు వస్తూనే ఉండి, మురుగు కాలువ పూడిపోతే పొలం ఏమవుతుంది? మునుగుతుంది. అంగం విషయంలోనూ అంతే. రక్తం వస్తూ ఉంటుంది, పోయే దారి ఉండదు. వాపు వస్తుంది. వాచిన కొద్దీ తొడుగు ద్వారం మరింత బిగుతు అవుతుంది. బిగిసిన కొద్దీ వాపు పెరుగుతుంది. చివరకు ధమని కూడా మూసుకుపోతుంది. అప్పటినుండి ఆ కండకు ప్రాణవాయువు లేదు, ఆహారం లేదు. కొన్ని గంటలలో అది చావడం మొదలుపెడుతుంది.

ఇందులో కొత్త సంగతి ఏమీ లేదు. కోడెలకు బర్డిజో పరికరంతో విత్తులు నొక్కించడం మీరందరూ చూసినదే. అక్కడ చర్మం తెగదు, రక్తం కారదు. విత్తులకు పోయే రక్తనాళాలను మాత్రం నలిపివేస్తారు. నాలుగు నుండి ఆరు వారాలలో ఆ విత్తులు ఎండి చిన్నవైపోతాయి. అక్కడ మనం కోరి చేసేదే, ఇక్కడ కోరకుండా జరుగుతున్నది.

అంగం ఎందుకు చిక్కుకుంటుంది? దాటే సమయంలో పశువు పక్కకు తిరగడం, కాలు జారడం, ముళ్లకంపకో ఇనుప ముళ్లతీగకో గీసుకోవడం వల్ల పొర చీరుకుంటుంది. చీరిన చోట వాపు వస్తుంది, వాచినది లోపలికి పోదు. సాహివాల్, గిర్ వంటి జాతులలో తొడుగు కిందికి వేలాడుతూ ఉంటుంది కనుక మోళ్లకు, కంపకు గీసుకునే అవకాశం ఎక్కువ. కొన్నిటికి తొడుగు ద్వారం పుట్టుకతోనే చిన్నది, లేదా పాత పుండు మాని ముడుచుకుపోయి చిన్నదవుతుంది. ఒక్కొక్కసారి ద్వారం చుట్టూ ఉండే వెంట్రుకలు, చర్మపు అంచు లోపలికి మడతపడి అంగాన్ని పట్టుకుంటాయి.

లేత గిత్తల విషయంలో ఒక సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఒకే కొట్టంలో పెరిగే గిత్తలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ ఉంటాయి. అప్పుడు కింది గిత్త వీపు వెంట్రుకలు పై గిత్త అంగానికి చుట్టుకుంటాయి. రోజుల తరబడి అవి పేనుకుని, అంగం చివరి బుడిపె వెనుక ఉంగరం వలె బిగుస్తాయి. అంగం లోపలే ఉంటుంది కాబట్టి బయటికి ఏమీ తెలియదు. తొడుగు నుండి రెండు మూడు చుక్కల రక్తం కారడం, ఎద పశువు దగ్గరకు వెళ్లి కూడా దాటకుండా దిగిపోవడం దీనికి గుర్తులు. త్వరగా చూసుకుంటే డాక్టరు చిన్న కత్తెరతో వెంట్రుకల ఉంగరాన్ని కోసివేస్తాడు, నాలుగు రోజులు మందు రాస్తే సరిపోతుంది. ఆలస్యమైతే ఆ ఉంగరం మూత్రనాళం దాకా కోసుకుపోతుంది. అక్కడ రంధ్రం పడితే వీర్యం దారిలోనే కారిపోతుంది. చూడడానికి ఆబోతు పుష్టిగా ఉంటుంది, దాటుతుంది, కాని పశువు చూలు కట్టదు. సంతలో గిత్తను కొనేవారు పళ్లు, సుళ్లు చూస్తారు. ఇదీ చూపించుకుని కొనడం మంచిదని మా సలహా.

మనుషులు తెచ్చిపెట్టేవి కూడా ఉన్నాయి. వేలాడుతున్నదని నూలుతాడుతోనో రబ్బరు పట్టీతోనో కట్టడం వీటిలో ఘోరమైనది. ఉన్న కాస్త రక్తాన్ని కూడా మన చేతులతో మనమే ఆపినట్లవుతుంది.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన హెచ్చరిక. గాయం లేదు, వాపు లేదు, అయినా అంగం జారిపోయి వేలాడుతున్నది, పశువు గొంతు మారి అదే పనిగా అరుస్తున్నది, చొంగ కారుస్తున్నది, వెనక కాళ్లు తూలుతున్నాయి, ముక్కుతున్నది, లేదా అంతకు ముందు రెండు రోజులు కనిపించిన పశువు మీదికల్లా ఎక్కింది. ఇటువంటప్పుడు పిచ్చికుక్క కాటు వ్యాధిని అనుమానించాలి. ఈ వ్యాధిలో మగ పశువులకు మొదట కామోద్రేకం, తరువాత అంగం చచ్చుబడడం కనిపిస్తుంది. కుక్క కరిచినట్లు మీరు చూడకపోయినా సరే, అటువంటి పశువును ముట్టుకోరాదు. గొంతులో ఏదో అడ్డుపడిందని నోట్లో చేయి పెట్టరాదు. చొంగ చేతి గాయానికి తగిలితే సబ్బుతో, ధారగా పారే నీటితో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లి టీకా ప్రారంభించాలి. గుర్తులు బయటపడిన తరువాత ఆ జబ్బుకు పశువులోనూ మనిషిలోనూ మందు లేదు. కనుక అంగం వేలాడుతున్న పశువు దగ్గరకు పోయే ముందు దాని చూపు, నడక, నోరు చూడండి. ఆ తరువాతే చేయి వేయండి. చేతికి తొడుగు ఉంటే మరీ మంచిది.

అనుమానం లేదని తేలితే ఇంటి వద్ద చేయవలసిన పనులు ఉన్నాయి. డాక్టరు వచ్చేలోగా చేసే ఈ పనులే చాలాసార్లు అంగాన్ని నిలబెడతాయి. ముందుగా దున్నను మంద నుండి వేరుచేసి నీడలో కట్టాలి. ఎద పశువు కనుచూపు మేరలో ఉండరాదు. ముకుతాడు ఒకరు గట్టిగా పట్టుకోవాలి. నొప్పితో ఉన్న పశువు వెనక కాలు విసురుతుంది. ట్రెవిస్ ఉంటే అందులోకి ఎక్కించండి.

కాచి చల్లార్చిన నీరు లీటరుకు 9 గ్రాముల ఉప్పు కలిపి, ఆ నీటితో మట్టి, పేడ, గడ్డి పోచలు పోయేట్లు మెల్లగా కడగాలి. రుద్దరాదు. వెంట్రుకలు గాని దారం గాని చుట్టుకుని ఉన్నాయేమో వెలుతురులో చుట్టూ తిప్పి చూడాలి. తరువాత శుభ్రమైన చల్లని నీటిని సన్నని ధారగా 15, 20 నిమిషాల పాటు పోయాలి. చల్లదనానికి వాపు లాగుతుంది, నొప్పి తగ్గుతుంది. మంచుగడ్డను నేరుగా ఆనించరాదు. రక్తం అందని కండకు అది మరింత హాని.

వాపు ఎక్కువగా ఉంటే పంచదార పనికొస్తుంది. ఇది నవ్వులాట మాట కాదు. గేదెకు గర్భసంచి బయటికి జారినప్పుడు డాక్టర్లు పంచదార చల్లడం మీలో కొందరు చూసే ఉంటారు. ఊరగాయ ముక్క మీద ఉప్పు చల్లితే నీరు ఊరినట్లే, పంచదార వాచిన పొర నుండి నీటిని బయటికి లాగుతుంది. శుభ్రమైన తడి గుడ్డలో పంచదార పరచి, అంగం చుట్టూ వదులుగా చుట్టి, 15 నిమిషాలు అరచేతులతో కింద నుండి ఆనించి పట్టుకోవాలి. తరువాత ఉప్పు నీటితో బాగా కడిగివేయాలి. లేకుంటే చీమలు, ఈగలు చేరతాయి.

పొర ఇంకా ఎర్రగా, తడిగా, మెత్తగా ఉంటే, వాపు కొద్దిదే అయితే, గ్లిజరిన్ గాని లిక్విడ్ పారఫిన్ గాని వేజలైన్ గాని బాగా పూసి మెల్లగా లోపలికి తోసి చూడవచ్చు. తోసేటప్పుడు తొడుగు అంచు, దాని వెంట్రుకలు లోపలికి మడతపడకుండా ఒక చేత్తో ముందుకు లాగి పట్టుకోవాలి. ఒకటి రెండు సార్లకు పోకపోతే బలవంతం వద్దు. నూనె పూత అలాగే ఉంచి, మెత్తని ఉతికిన గుడ్డను పొట్ట కింద ఉయ్యాల వలె నడుము మీదుగా కట్టి, అంగం దానిలో ఆనేట్లు చేయాలి. వేలాడుతూ ఉంటే భూమి వైపుకే నీరు దిగి వాపు పెరుగుతుంది. ఉయ్యాల గుడ్డ బిగించరాదు, మూత్రం పోవడానికి దారి ఉండాలి. మూత్రం పోస్తున్నదో లేదో గంట గంటకూ గమనించాలి. ముక్కుతూ కూడా చుక్క పడకపోతే డాక్టరుకు ఆ మాట ముందుగా చెప్పాలి. మూత్రాశయం పగిలితే పశువు దక్కదు.

చేయరాని పనులు కూడా చెప్పి తీరాలి. కిరోసిన్, టర్పెంటైన్, ఇంజను నూనె పోయరాదు. వేడి కాపడం పెట్టరాదు. వాపు తగ్గుతుందని దబ్బనంతో, సూదితో గుచ్చరాదు. ముఖ్యంగా విత్తుల సంచికి ముందు, పొట్ట కింద హఠాత్తుగా గుండ్రని వాపు వస్తే అది దాటేటప్పుడు లోపల అంగం గట్టి పొర చిట్లి గడ్డకట్టిన రక్తం కావచ్చు. దానిని చీము గడ్డ అనుకుని పొడిస్తే, శుభ్రంగా ఉన్న రక్తం నిజంగానే చీము పడుతుంది. ఈగల కాలంలో తొడుగు చుట్టూ వేపనూనె రాయవచ్చు, కాని పచ్చి పుండు మీద కాదు. నొప్పికి దుకాణంలో ఏదో ఒక సూది మందు కొని వేయించరాదు. డైక్లోఫెనాక్‌ను పశువులకు వాడడం 2006లోనే మన దేశంలో నిషేధించారు; ఆ మందు వేసిన పశువు చనిపోతే దాని కళేబరం తిన్న రాబందులు చచ్చిపోతున్నాయని తేలింది. కీటోప్రొఫెన్, అసిక్లోఫెనాక్‌లను కూడా 2023లో అదే కారణంతో పశువులకు ఆపివేశారు. ఇప్పుడు డాక్టర్లు ఎక్కువగా మెలోక్సికామ్ వాడుతున్నారు.

డాక్టరు వచ్చాక ఏం చేస్తారో తెలిసి ఉంటే మీకు ధైర్యంగా ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 1962 నంబరుకు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. తోక మొదట్లో వెన్నెముక సందులోనో, అంగానికి పోయే నరం దగ్గరో మత్తు సూది ఇస్తారు. దానితో నొప్పి పోతుంది, కండరం సడలుతుంది. చివరి నుండి మొదలు వైపుకు కొద్దిసేపు పట్టీ చుట్టి వాపు నీటిని వెనక్కు నెడతారు. ద్వారం మరీ బిగుతుగా ఉంటే చిన్న గాటు పెట్టి వెడల్పు చేస్తారు. లోపలికి పంపిన తరువాత మళ్లీ జారకుండా ద్వారం చుట్టూ సంచి మూతి దారం వంటి కుట్టు వేస్తారు. మూత్రం పోయేంత సందు ఉంచుతారు. ధనుర్వాతం రాకుండా సూది, చీము పట్టకుండా మందులు ఇస్తారు. ఆ కుట్టును మీరు తీయవద్దు, ఆయన చెప్పిన రోజునే తీయించండి. మందులు కూడా చెప్పినన్ని రోజులూ వేయించాలి. రెండో రోజుకే బాగుందని మానివేయడం మన ఊళ్లలో అలవాటు. తిరగబెట్టే కేసులలో చాలా భాగం ఇక్కడినుండే వస్తాయని మా అభిప్రాయం.

అంతా కండ బతికి ఉన్నప్పటి మాట. బతికి ఉందా లేదా అన్నది రంగు, వేడి, స్పర్శ చెబుతాయి. గులాబి లేదా ఎరుపు రంగు, వెచ్చదనం, తాకితే పశువు కదలడం ఉంటే ఆశ నిండుగా ఉంది. ముదురు నేరేడు రంగుకు తిరిగి, చల్లబడుతుంటే సిరలు మూసుకుపోయాయి, గంటలు లెక్కపెట్టుకోవాలి. నల్లబడి, చల్లగా, గిచ్చినా పశువుకు తెలియకపోతే ఆ భాగం చనిపోయింది. చనిపోయినది ఎండి తోలు వలె గట్టిపడితే కొంత నయం. తడిగా, దుర్వాసనతో, పసరు నీరు కారుతుంటే విషం రక్తంలో కలిసి పశువు ప్రాణానికే ముప్పు. కొన్ని రోజులకు చచ్చిన కండకూ బతికిన కండకూ మధ్య ఒక గీత స్పష్టంగా ఏర్పడుతుంది.

చచ్చిన కండను ఏ మందూ బతికించదు. బతికిస్తామని డబ్బు తీసుకునేవారి మాట నమ్మవద్దు. అప్పుడు చేయవలసినది శస్త్రచికిత్స ఒక్కటే. ఎర్రని రక్తం చిమ్మే మంచి కండ వచ్చేవరకు డాక్టరు చచ్చిన భాగాన్ని కోసివేస్తారు. పై పొర మాత్రమే పోయి ఉంటే అంచులు కలిపి కుడతారు, అటువంటి ఆబోతు మళ్లీ పనికి రావచ్చు. అంగం చివరే పోతే అక్కడ తొలగించి, మిగిలిన చోట మూత్రనాళాన్ని విప్పి చర్మానికి కుడతారు. ఎక్కువ భాగం పోతే ఆసనం కింద మూత్రానికి కొత్త దారి చేస్తారు. ఇవి పల్లె కొట్టంలో అయ్యే పనులు కావు. తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడి, రాజేంద్రనగర్ వంటి చోట్ల ఉన్న పశువైద్య కళాశాలలకు తీసుకువెళ్లాలి. ఆ తరువాత పశువు బతుకుతుంది, మూత్రం పోస్తుంది, కోలుకుంటే బండి లాగుతుంది. దూడలను మాత్రం ఇవ్వదు. ఖర్చు పెట్టాలా వద్దా అన్నది యజమాని నిర్ణయించుకోవలసినది. ఆపరేషన్‌కు ముందే డాక్టరును ఈ సంగతి సూటిగా అడగడంలో తప్పు లేదు.

ఇది పశువుల పత్రికే అయినా, సభ్యులకు ఒక మాట చెప్పకుండా ఉండలేము. మగవారికీ ఇటువంటి ప్రమాదం ఉంది. ముందోలు వెనక్కు పోయి ముందుకు రాకుండా బిగిసిపోవడం, అంగం గట్టిపడి నాలుగు గంటలు దాటినా సడలకపోవడం, ఏదైనా దారమో ఉంగరమో చిక్కుకోవడం—ఇవన్నీ అదే గంటలో ఆసుపత్రికి పోవలసినవి. మూత్రం గొట్టం పెట్టిన ముసలివారికి గొట్టం మార్చాక ముందోలును ముందుకు లాగడం మరచిపోతే ఇలా జరుగుతుంది. చక్కెర వ్యాధి చాలాకాలంగా ఉన్నవారికి, మూత్రపిండాలు చెడి డయాలిసిస్ మీద ఉన్నవారికి సన్న రక్తనాళాలు మూసుకుపోయి అంగం చివర నొప్పితో నల్లబడడం అరుదుగా జరుగుతుంది. దానిని తామర అనుకుని పసర్లు పూస్తూ కూర్చోరాదు. దున్న సిగ్గుపడదు, దాచుకోదు. మనిషి దాచుకుంటాడు, అందుకే ఆలస్యంగా వస్తాడు.

మళ్లీ దున్న దగ్గరకు వద్దాం. నయమైన వెంటనే దాటించరాదు. పొర మానినట్లు కనిపించినా లోపల గట్టిపడడానికి సమయం కావాలి. కనీసం రెండు నెలలు మంద నుండి వేరుగా ఉంచాలి. ఆ రెండు నెలలు ఊరి గేదెలకు ఏం చేయాలన్నది సంఘం ముందుగానే ఆలోచించుకోవాలి. గోపాలమిత్రకు చెప్పి ఎదసూదుల డోసులు ఎక్కువ తెప్పించుకోవచ్చు. గడువు తీరాక డాక్టరు చేత అంగాన్ని బయటికి తీయించి చూపించాలి, వీలైతే వీర్యం పరీక్ష చేయించాలి. మొదటిసారి దాటించేటప్పుడు నెమ్మదైన, ఎత్తు సరిపోయిన గేదెను, జారని నేలను ఎంచుకోండి. దాటడం పూర్తయ్యాక అంగం పూర్తిగా లోపలికి పోయిందని మీ కళ్లతో చూసిన తరువాతే ముకుతాడు వదలండి.